నేను ఆపిన విసుర్రాయి

సినిమా పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న వేస్తారు. పాత సినిమా గొప్పదా, దాన్నే మేము మళ్ళీ తీసిన కొత్తది గొప్పదా అని. తెలంగాణ సాయుధ పోరాటం మీద ఎప్పుడో వచ్చిన ఆ నలుపు తెలుపు సినిమాను, టీవీల్లోనూ ఫోన్లలోనూ చూసుకునేలా ఈమధ్య తిరిగి తీశారు. అందులో శబ్దం పనంతా నాది. చాలా సభల్లో ఆ రెంటినీ పక్కపక్కన వేసి చూపించి మాట్లాడాను. కొత్తదే గొప్పదన్నాను. ఎందుకు గొప్పదో చెప్పడానికి ప్రతిచోటా ఒకే సన్నివేశం చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ సన్నివేశం గురించి నేను చెప్పినదాంట్లో ఒక అబద్ధం ఉంది. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు నేను ఆ పని మానేశాను. ఎడమ చెవి సగం పోయింది. శబ్దం మీద బతికేవాడికి ఈ వయసులోనే ఇట్లా అయిందేమిటని మిత్రులు జాలిపడుతుంటారు. ఆ చెవి ఇంకాస్త ముందే పోయి ఉంటే బాగుండేదని వాళ్ళతో అనలేదు.

మాది మహబూబాబాద్. మా నోళ్ళలో ఇప్పటికీ మానుకోటే. పాత సినిమాను చిన్నప్పుడు అక్కడి టాకీసులో చూశాను. అందులో రైతులు, దళం వాళ్ళు, దొర అందరూ కోస్తా పుస్తకాల తెలుగు మాట్లాడతారు. దొర ఇంట్లో పనిచేసే జీతగాడొక్కడు మాత్రం మా మాట మాట్లాడతాడు. వాడు నోరు తెరిస్తే హాలంతా నవ్వేది. మా మాట మీద మేమే పడిపడి నవ్వేవాళ్ళం. ఆ తరువాత కొద్దిసేపటికే అందరం ఏడ్చేవాళ్ళం. దళంలోని ఒకతని ఆచూకీ చెప్పలేదని దొర మనుషులు ఒక రైతును అతని వాకిట్లోనే కొట్టి చంపుతుంటే, అతని భార్య జుట్టు విరబోసుకుని ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి అతని మీద పడుతుంది. గంజి పెట్టిన చీర మడత నలగకుండా పడుతుంది. అది నేను పెద్దయ్యాక గమనించాను. చిన్నప్పుడు ఏడుపే.

దాన్ని తిరిగి తీసిన దర్శకుడు నాకంటే చాలా చిన్నవాడు. హైదరాబాద్‌లో పెరిగినా అమ్మమ్మది జనగామ. నిజాయితీ ఉన్నవాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదానికి మీలో కొందరు అతన్ని తప్పుపట్టవచ్చు. ఈసారి ఒక్క మాట, ఒక్క గోడ, ఒక్క చప్పుడు కూడా అబద్ధం ఉండొద్దన్నాడు. అందరూ మన మాటే మాట్లాడాలి, నవ్వించడానికి కాదు, బతకడానికి మాట్లాడినట్టు మాట్లాడాలి అన్నాడు. నేను పరికరాలు వేసుకుని ఊళ్ళు తిరిగాను. బండి చక్రం, చేద తాడు, కల్లంలో గాలి, మట్టికుండ కింద మంట, అన్నిటి చప్పుడూ పట్టుకున్నాను. మిగిలింది విసుర్రాయి. ఇప్పుడు ఊళ్ళలో విసుర్రాళ్ళు కనిపిస్తాయి కానీ మెట్లుగానో, బాత్రూము ముందు కాళ్ళు కడుక్కునే బండలుగానో కనిపిస్తాయి. జఫర్‌గఢ్ దగ్గర ఒక ఊళ్ళో ఒక ముసలామె ఇంకా జొన్నలు విసురుకుంటుందని ఎవరో చెబితే వెళ్ళాను.

ఆమెకు డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. కళ్ళలో పొర. మనిషి వచ్చాడని అడుగుల చప్పుడును బట్టి తెలుసుకునేది. నేను పెద్దమ్మా అని పిలిచాను. ఆమె కాసేపు విసిరింది, నేను పట్టుకున్నాను. ఏ సినిమాకని అడిగింది. చెప్పాను. పాత సినిమా పేరు చెబితేగానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి పిడి మీద అట్లాగే ఉంచింది.

"గా సినిమల ఉరికొచ్చి మొగని మీద పడ్డది ఉన్నది సూడు, గామె మా అవ్వ," అన్నది. "గని మా అవ్వ ఉరకలే."

మా వైపు అవ్వంటే అమ్మ, ముసలివాళ్ళనూ అట్లాగే పిలుస్తాం. ఆ మధ్యాహ్నం ఆమె చెప్పిందంతా నా మాటల్లో చెబుతాను. అప్పుడామెకు ఆరేడేళ్ళు. దళంలోని ఒకతను రొమ్ములో గాయంతో వాళ్ళింటికి చేరాడు. వెదురుతో అల్లి పేడతో అలికిన జొన్నల గుమ్మిలో అతన్ని దాచారు. అతనికి దగ్గు ఆగడం లేదు. దొర మనుషులు వాడలోకి వచ్చారని తెలియగానే తల్లి గుమ్మి పక్కనున్న విసుర్రాయి ముందు కూర్చుని తిప్పడం మొదలుపెట్టింది. ఈమె ఎదురుగా కూర్చుని గుప్పెళ్ళతో రాయి నోట్లో జొన్నలు పోస్తూ ఉంది. గుమ్మిలోని దగ్గు రాయి చప్పుడులో కలిసిపోతూ ఉంది. వాకిట్లో తండ్రిని కట్టేసి అడుగుతున్నారు. కొడుతున్నారు.

చాటలో జొన్నలు అయిపోయాయి. మిగిలిన జొన్నలు గుమ్మి అడుగున, ఆ మనిషి కాళ్ళ కింద ఉన్నాయి. తీసే వీలు లేదు. ఉత్త రాయి తిప్పితే చప్పుడు మారుతుంది. వచ్చినవాళ్ళు పట్నం నుంచి దిగినవాళ్ళు కాదు, రోజూ పొద్దున విసుర్రాయి చప్పుడుకు నిద్రలేచినవాళ్ళు. గింజ లేని రాయిని ఎందుకు తిప్పుతున్నారని వెంటనే లోపలికి వస్తారు.

"పిండే మల్ల పొయ్యమన్నది అవ్వ. పోసిన. గా పిండి కిందికి వడంగనే ఎత్తి మల్ల పోసిన. మొకానికి రాసుకునే పౌడరు లెక్క అయ్యింది బిడ్డా పిండి. బాపు అరుసుడు బందయ్యింది. అవ్వ తిప్పుడు బంద్ చెయ్యలే."

చీకటి పడ్డాక గుమ్మిలోని మనిషి బయటపడ్డాడు. భూపాలపల్లి అవతలి అడవిలో కొద్దిరోజులకే చనిపోయాడని ఆ తరువాత తెలిసింది. అతను ఎవరికీ చెప్పకుండానే పోయాడు. గుమ్మి సంగతి తెలిసినవాళ్ళు తల్లీకూతుళ్ళిద్దరే మిగిలారు. తల్లి చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు ఊ కొట్టి ఊరుకున్నారు. మొగుణ్ణి వాకిట్లో చంపుతుంటే లోపల పిండి విసురుకుంటూ కూర్చుందన్నది మాత్రం అందరూ చెవులారా విన్నదే.

చాలా ఏళ్ళకు సినిమా వచ్చింది. తీసినవాళ్ళు కథ ఎవరి దగ్గర విన్నారో, ఈ ఇంటికైతే రాలేదు. ఊరంతా జనగామ వెళ్ళి చూసింది. తల్లిని కూడా బండిలో ఎక్కించుకుని వెళ్ళారు, నీ కథే గదా అని. తిరిగి వస్తుంటే బండిలోనే ఎవరో ఆడమనిషి అన్నదట, సినిమల ఆమె ఉరికింది గద వదినె, నువ్వెందుకు ఉరకలే అని. ఎగతాళికి కాదు, ఏడుస్తూనే అన్నదట. సినిమాలోని ఆమెను చూసి ఏడ్చి, ఎదురుగా కూర్చున్న ఆమెను అడిగింది. ఆ తరువాత తల్లి బతికినన్నాళ్ళు ఆ ఊరికి ఆమె పరుగెత్తని మనిషిగానే మిగిలింది.

పెద్దమ్మ నన్ను అడిగింది ఒక్కటే. మీరు కొత్తగా తీసేదాంట్లో మా అవ్వను గొప్పదని చెప్పకపోయినా సరే, మంచి చీర కట్టకపోయినా సరే.

"రాయి ఆగొద్దు. మా అవ్వ రాయి ఆపలేదని జనానికి ఎరుక కావాలె. గంతే."

మాటిచ్చాను. నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.

ఆ రోజే దర్శకుడికి ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు ఆ సన్నివేశాన్ని మొత్తం కొట్టేసి కొత్తగా రాశాడు. పాత సినిమా ఎక్కడ అబద్ధమాడిందో అక్కడే మనం నిజం చెబుతాం అన్నాడు. కరెంటు స్తంభాలు కనబడని చోటు కోసం వెతికి టేకుమట్ల వైపు ఇల్లు వేయించాడు. తల్లి వేషం వేసిన అమ్మాయి చేతులు బొబ్బలెక్కేదాకా విసరడం నేర్చుకుంది. చిత్రీకరణ రోజు సన్నివేశం పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టు వచ్చింది. ఆ సినిమా అక్కడితో ఆగి ఉంటే, నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక నా పని మొదలైంది. దీని గురించి కొంచెం చెప్పక తప్పదు. శబ్దాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏది ఎంత వినబడాలో చూసుకోవడం మా పని. పెద్దమ్మ విసిరిన చప్పుడునే తల్లి చేతికి అతికించాను. దాని కింద దగ్గు. బయట దెబ్బలు, కేకలు. ఎన్నిసార్లు విన్నా ఏదో తక్కువైనట్టే ఉంది. మీరు ఈ పనిలో ఉంటే మీకు తెలుసు, ఈ రోజుల్లో మాకందరికీ వచ్చిన ఒక విద్య ఉంది. బాధ పరాకాష్ఠకు చేరిన చోట చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా తీసేస్తాం. లోకమంతా మూగబోతుంది. అంటే ఆ మనిషి మనసు లోపలికి వెళ్ళామని, ఆమెకిక ఏదీ వినబడడం లేదని అర్థం. పాత సినిమాల వాళ్ళకు ఇది తెలియదు, వాళ్ళు అక్కడ వయొలిన్లు వాయించేవాళ్ళు.

తండ్రికి చివరి దెబ్బ పడేచోట తెర మీద తల్లి ముఖం ఒక్కటే ఉంది. చేతులు కనబడవు. అక్కడ అన్నీ తీసేశాను. దెబ్బలు, కేకలు, దగ్గు, రాయి. కొద్ది క్షణాలే. ఆ తరువాత రాయి మళ్ళీ మొదలవుతుంది. వెనక్కి తిప్పి విన్నాను. నా ఉద్యోగం మొత్తంలో అంత మంచి పని చేయలేదనుకున్నాను.

దర్శకుడిని పిలిచి వినిపించాను. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకున్నాక ఒక మాట అడిగాడు.

"అన్నా, రాయి ఆగొద్దన్నది గద ఆ అవ్వ."

"ఆగలేదు తమ్మీ," అన్నాను నేను. "చప్పుడే తీసినం. చూసేటోళ్ళకు తెలుస్తది."

నాకంటే నీకే ఎక్కువ తెలుసు అన్నాడు. డబ్బు పెట్టిన కంపెనీ వాళ్ళెవరూ ఒత్తిడి చేయలేదు. దర్శకుడు చేయలేదు. అడ్డు చెప్పినవాణ్ణి ఒప్పించింది నేను.

సినిమా విడుదలైంది. అందరూ ఆ నిశ్శబ్దం గురించే రాశారు. రాయి ఆగిన క్షణం అని రాశారు. ఆ తల్లి చెయ్యి ఆగిన క్షణంలో మన గుండె ఆగుతుందని రాశారు. అవి చదివినప్పుడైనా నాకు తెలియాల్సింది. నాకు ప్రతి వాక్యంలో నా పనితనమే కనబడింది. ఒక టీవీ అమ్మాయి ఆ ఆలోచన ఎవరిదని అడిగింది. నాది అని చెబితే గొప్పలు పోయినట్టుంటుందేమోనని, ఇంకొకరిదని చెబితే కథ బాగుంటుందని, జఫర్‌గఢ్ దగ్గర ఒక ముసలామె చెప్పింది, ఆ నిశ్శబ్దం ఆమెదే అన్నాను. ఇదే నేను చెప్పిన అబద్ధం. ఆ తరువాత ప్రతి సభలోనూ అదే చెప్పాను. ఎన్నోసారికో నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను.

పెద్దమ్మకు సినిమా చూపించడానికి నేనే వెళ్ళాను. మధ్యాహ్నం పూట తలుపులు దగ్గరకు వేసి, వాళ్ళ టీవీలో పెట్టాం. కోడలు పక్కన కూర్చుంది. పెద్దమ్మకు తెర మీద మసక తప్ప ఏమీ కనబడదు. వింటూ ఉంది. జీతగాడి మాట వచ్చినప్పుడు ఎవరూ నవ్వకపోయేసరికి, వీడు మంచిగ మాట్లాడుతున్నడు అన్నది. రాయి మొదలయ్యేసరికి ఆమె చెయ్యి ఒళ్ళో తిరగడం మొదలైంది. తన చప్పుడును తాను గుర్తుపట్టింది. పిండి మళ్ళీ పోసినచోట తల ఊపింది. నేను తెరను కాక ఆమెనే చూస్తున్నాను, మెచ్చుకోలు కోసం.

చప్పుడు పోయింది. ఆమె చెయ్యి ఆగింది. ముఖం కోడలి వైపు తిప్పింది.

"టీవీ వోయిందా?"

"లేదత్తా. సినిమనే గట్ల ఉన్నది," అన్నది కోడలు.

రాయి మళ్ళీ మొదలైంది. ఆమె చెయ్యి మొదలవలేదు. సినిమా అయిపోయింది. నేను వివరించబోయాను. మనసు లోపలికి వెళ్ళడం గురించి, ఆమెకేమీ వినబడకపోవడం గురించి. నా మాటలు నాకే పరాయిగా వినిపించాయి.

"ఎందుకు ఇనవడది బిడ్డా," అన్నది. "అన్ని ఇనవడ్డయి. బాపుకు గూడ ఇనవడ్డది. రాయి తిరుగుతున్నంతసేపు లోపటోడు పదిలం అని బాపుకు ఎరుక. గా చప్పుడు ఇనుకుంటనే పాణం ఇడిసిండు." మళ్ళీ తనే అడిగింది. "నడుమ ఆగితె ఆయినె ఏమనుకునేటోడు?"

ఆ సన్నివేశాన్ని నేను వందల సార్లు విన్నాను. తల్లి చెవులతో విన్నాను, చూసేవాళ్ళ చెవులతో విన్నాను. వాకిట్లో కట్టేసి ఉన్న మనిషి కూడా వింటున్నాడని నాకు ఒక్కసారీ తట్టలేదు.

అంతటితో అయిపోలేదు. ఊళ్ళో కుర్రవాళ్ళు సినిమా చూశారు, నా మాటలూ విన్నారు. వాళ్ళు తెలివిగలవాళ్ళు. రాయి ఆగిందని నువ్వే చెప్పినవట గదా అవ్వా, మరి ఆగినప్పుడు గుమ్మిలున్నోని దగ్గు దొర మనుషులకు ఎందుకు ఇనవడలే అని అడిగారు. ఆమె ఆగలేదంటే, సినిమాలో ఆగింది గదా అన్నారు. వినబడలేదంటే దగ్గు లేదు. దగ్గు లేకపోతే మనిషే లేడు. గుమ్మిలో ఎవరూ లేరు, మొగుడు చస్తుంటే బయటకు రానందుకు తల్లి ఆ కథ అల్లింది, కూతురు మోసుకొచ్చింది అని ఊళ్ళో మెల్లగా తేలిపోయింది. పాత సినిమా ఆమె తల్లిని పరుగెత్తించి అవమానించింది. అయినా తల్లి చెప్పిన మాట అట్లాగే మిగిలింది, నమ్మేవాళ్ళు నమ్మారు. మేము మట్టి నిజం పెట్టి, మాట నిజం పెట్టి, చప్పుడు ఆమెదే తెచ్చి పెట్టి, ఆ ఒక్క సాక్ష్యాన్నీ తుడిచేశాం. అన్నీ నిజమైనచోట ఒక్క అబద్ధాన్ని ఎవరూ పట్టుకోలేరు.

రాయి చప్పుడు తిరిగి పెట్టమని దర్శకుణ్ణి అడిగాను. పాపం, అతను కంపెనీ వాళ్ళ చుట్టూ తిరిగాడు. అన్ని భాషల్లోకీ వెళ్ళిపోయింది, ఇప్పుడు ముట్టుకునేది లేదన్నారు. పైగా జనం ఆ సినిమాలో పదేపదే చూస్తున్నది ఆ ముక్కనేనట. టీవీ అమ్మాయికి ఫోన్ చేసి నేను అబద్ధం చెప్పానన్నాను. నవ్వింది. మీరు మరీ నిరాడంబరులు సార్ అన్నది.

చివరిసారి వెళ్ళింది ఈమధ్యనే. బస్సు దిగి వాడలోకి తిరిగేసరికి విసుర్రాయి చప్పుడు వినబడింది. వాకిట్లో జనగామ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు కొందరు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. పెద్దమ్మ నడుమ కూర్చుని తిప్పుతోంది. ఒక అమ్మాయి మర్యాదగానే అన్నది, అవ్వా ఇగ ఆపు, సినిమల లెక్క అని. పెద్దమ్మ ఆపింది. తల పైకెత్తి ఏమీ చూడకుండా కూర్చుంది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. అమ్మాయి చెయ్యి ఊపగానే, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

వాళ్ళు దండాలు పెట్టి వెళ్ళిపోయాక పక్కన కూర్చున్నాను. నా అడుగులు గుర్తుపట్టింది. ఎందుకు ఆపినవ్ పెద్దమ్మా అన్నాను. అడిగే హక్కు నాకు లేదు. అయినా అడిగాను.

"ఆపకపోతె మల్ల మల్ల చెయ్యుమంటరు కొడుకా. చెయ్యి నొస్తది," అన్నది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే తీసుకునేవాణ్ణి. "మొగడు సచ్చిపోతున్నా మా అవ్వ ఆపలే. నేను గీ ఫోన్లకు ఆపుతున్న."

చాయ్ తాగి పొమ్మన్నది. తాగాను. నేను లేచి వాడ చివరికి వచ్చేసరికి ఆమె ఇంటి ముందు ఇంకో కారు ఆగింది. రాయి మళ్ళీ మొదలైంది. నిలబడి విన్నాను. నా చెవి సగం పోయినా ఆ చప్పుడు తెలుస్తుంది. రాయి మీద రాయి గీరుకుంటోంది. అందులో గింజ లేదు, పిండి కూడా లేదు. వచ్చేవాళ్ళకు ఆ తేడా తెలియదని ఆమెకు తెలిసిపోయింది.

దొర మనుషులైతే వెంటనే గుర్తుపట్టేవాళ్ళు.